తప్పు తేలేలోపు

కొత్తగూడ దగ్గర రాళ్లగుట్టలు పగలగొట్టి ఐటీ ఆఫీసులు కడుతున్న రోజులవి. చందానగర్ వెళ్లే బస్సులో, చంకకర్ర ఒళ్లో పెట్టుకుని ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. కుడికాలు మోకాలి దాకానే ఉంది.

"ఏమైందండీ?" అన్నాను.

"గీ పనుల కాడనే సారూ. లారీ, ట్రాక్టరు గుద్దుకున్నయి, నడుమ నేనున్న. నేను కేసేస్తే, తప్పు నీదంటే నీదని ఓనర్లిద్దరు కోర్టుల ఇంకా కొట్లాడుతున్నరు."

"మరి ఇల్లు గడిచేదెలా?"

"లారీ ఓనరు మనిషి రోజూ ఇంటికొచ్చి, జరంత ఇస్తం, రాజీకొచ్చి సంతకం పెట్టు అనేటోడు. కిరాయి కట్టలేక పెడదామనే అనుకున్న. గంతల జడ్జి సాబు, తప్పెవరిదో తర్వాత తేలుస్తం, ముందుగాల ఈయనకు కొంత ఇయ్యుండ్రి అన్నడు. గా పైసలు చేతికొచ్చినయి. మొన్న ఆ మనిషి మళ్ల వస్తే చాయ్ తాపి పంపిన."

చందానగర్ వచ్చింది. "జల్దీ దిగు," అని కండక్టరు కసిరాడు. ఆయన కర్రను మెట్టు మీద ఆనించి, సరిచూసుకుని, అప్పుడు కాలు దించాడు.

"ఆగన్నా. ఇగ నాకేం తొందర లేదు."

ఇప్పుడా గుట్టల జాడే లేదు. ఆయన మొహం కూడా సరిగా గుర్తులేదు. కండక్టరు "రైట్" అనకుండా నిలబడటం, బస్సంతా ఆయన కోసం ఆగడం మాత్రం గుర్తుంది.