తువాలు కింద బేరం

మా నాయనకు పుట్టుచెవుడు. మాట కూడా రాలేదు. అయినా మామిడికాయల మండీలో ఆయన్ని మోసం చేసినవాడు లేడు. మా చిత్తూరు వైపు మండీల్లో అప్పట్లో బేరం నోటితో జరిగేది కాదు. అమ్మేవాడూ కొనేవాడూ ఒక తువాలు కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవాళ్ళు. పక్కవాడికి తెలియకూడదని పెట్టుకున్న పద్ధతి. ఆ తువాలు కింద అందరూ మూగవాళ్ళే కాబట్టి నాయన ఎవరికీ తీసిపోయేవాడు కాదు. కాయలమ్మి వచ్చిన రోజు ఆయన నడకే వేరుగా ఉండేది.

తర్వాత మండీలో తువాలు మాన్పించి మైకు వేలం పెట్టారు, దళారులు రైతు కళ్ళు కప్పకుండా. మంచి పనే, కాదనను. కానీ మొదటి రోజే నాయన మా తోతాపురి కుప్ప పక్కన నిలబడి అందరి నోళ్ళూ చూస్తుండగానే వేలంపాట ముగిసిపోయింది. ధర నచ్చకపోతే రైతు చెయ్యెత్తి ఆపొచ్చు. పాట మొదలైనట్టే ఆయనకు తెలియలేదు. కూలీలు కాయలు లారీకెత్తుతుంటే అడ్డం పడ్డాడట. పాట పాడేవాడు నవ్వి, "చెవిటోడి ముందర శంకం ఊదినట్టుండాది" అన్నాడట. ఊదేవాడికి చేతులు లేవా, ఒక వేలెత్తి చూపిస్తే అరిగిపోతుందా అని నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు వెళ్ళి మండీ యజమానిని అడిగాను. "పాట ఎంతకు పోతాండాదో పలక మీద రాయించన్నా. మా నాయన సూసుకుంటాడు."

"ఒక్క మనిషి కోసరం పలక యాడ పెట్టేదమ్మా? కూతురివి నువ్వుండావు కదా, ఇని సెప్పు."

ఆ కాపంతా నేనే వెంట వెళ్ళాను. నేను చేతులతో చెప్పేలోపు పాట ముందుకు పోయేది. కాయల మీద ఉండాల్సిన ఆయన చూపు నా మీదే ఉండేది. మరుసటేడు మండీకి రానని తల అడ్డంగా ఊపాడు. కాపు చెట్టు మీదే అమ్మేద్దామని సైగ చేశాడు.

తోటకు ఒక కొత్త వ్యాపారి వచ్చాడు. నాయన ఉతికిన తువాలు చేతి మీద కప్పుకుని ముందుకు చాపాడు. వ్యాపారికి అదేమిటో తెలియలేదు. నేను వివరించాను.

"మాకవన్నీ రావక్కా. రేటు నువ్వు సెప్పు."

నాయన చెయ్యి అలాగే ఉంది. ఆ వేళ్ళ లెక్క చిన్నప్పుడే ఆయన దగ్గర నేర్చుకున్నదాన్ని, నేనే తువాలు కింద చెయ్యి పెట్టాను. గట్టి బేరగాడితో ఆడినట్టు నా వేళ్ళు నొక్కాడు. ఆ ధర పైకి చెప్పాను. వ్యాపారి తగ్గించి అడిగాడు, అది నాయన వేళ్ళకు చెప్పాను. ఒప్పుకోనన్నట్టు ఆయన నా వేళ్ళు విదిలించాడు.

"ఇట్లయితే తెల్లారిపోతాది. ఆయన్నిడిసిపెట్టక్కా, మనిద్దరం మాట్లాడుకుందాం."

ఆ మాట వినబడకపోయినా, వ్యాపారి నావైపు తిరగడం నాయన చూశాడు. మెల్లగా చెయ్యి తీసేసుకుని చెట్లలోకి వెళ్ళిపోయాడు. తువాలు నా చేతి మీద ఉండిపోయింది. బేరం నేనే ముగించాను.

మంచి ధరే వచ్చింది. సాయంత్రం చెబుదామని ఎదురుగా నిలబడ్డాను. ఆయన నా చేతుల వంక చూడలేదు.