మాల్యాద్రి అడిగిన పెద్ద కార్డు

ఆత్మకూరు బస్టాండు వెనక సందులో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే మాల్యాద్రికి ఆ ఉదయం గడువు పడింది. నెల్లూరు కంప్యూటర్ల షాపు ముబీన్ ఫోన్ చేసి, మధ్యాహ్నంలోగా ఏదో ఒకటి తేల్చమన్నాడు.

"పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఒకటి తీసుకుంటావా, చిన్నవి రెండా అన్నా? రెండూ ఒకే సిస్టమ్‌లో బిగిస్తే పని రెట్టింపు కాదు, ముందే చెప్తుండా. రెండు సిస్టమ్‌లు నడిపేటట్టయితేనే రెండు తీసుకో."

మాల్యాద్రి సొంతూరు ఉదయగిరి. అక్కడినుంచి సంగం దాకా ఎవరింట పెళ్లయినా వీడియో అతని చేతి మీదుగా పోవాల్సిందే. ఆల్బం డిజైన్లు భార్య సుకుమారి చేస్తుంది. ఆమెకు చిన్నవి రెండు కావాలి. ఒకటి తన పాత సిస్టమ్‌లో పెట్టిస్తే తనూ వీడియోలు చేస్తానని ఎన్నాళ్లనుంచో పోరు. ఈయనగారు మాత్రం పెద్దదే కావాలని మొండికేశాడు. బొమ్మ మసగ్గా వస్తోందట, కంప్యూటర్లో బొమ్మ నడిపే కార్డు పాతబడిందట. వచ్చినవాళ్లందరికీ ఇదే పాట. చెప్పగా చెప్పగా తనే నమ్మేశాడు, మహానుభావుడు.

నమ్మక ఏం చేస్తాడు పాపం? కాదంటే ఆ మసక తన కంట్లో ఉన్నట్టు. షుగరొచ్చి ఏళ్లయింది. అద్దంలో తన మీసమూ మసగ్గానే ఉంది, అద్దానికి కార్డు లేదు కదా! అదొక భయం. పెద్ద కార్డు వచ్చాక కూడా ఇలాగే ఉంటే ఇంక దేని మీద నెట్టాలన్నది ఇంకో భయం.

ఈ ప్రాంతంలో పెళ్లివారు వీడియో తీసుకుపోయే ముందు షాపులోనే కూర్చుని మొత్తం చూస్తారు. ఒక్క చుట్టం మొహం కనపడకపోయినా పేచీయే. ఆ రోజు చేజర్ల నుంచి పెళ్లికూతురి మేనమామ పెంచలనరసయ్య వచ్చాడు. చూసి చూసి కుర్చీలోంచి లేచాడు.

"ఏందయ్యా ఇది? పిల్లని గంపలో మోసుకొచ్చింది నేను. నేనేడుండా ఇందులో?"

మాల్యాద్రి కుర్చీ ఆయన వైపు తిప్పాడు. "కెమెరాలో సరిగ్గా రాలేదు మామా. అంతా మసక. అందుకే తీసేసినా."

"ఏదీ, చూపించు."

సుకుమారి వచ్చి, తీసేసిన షాట్లు తెరిచింది. గంప, గంపలో పిల్ల, మోస్తున్న పెంచలనరసయ్య నుదుటి మీద చెమట, అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

"శుభ్రంగా ఉండాది కదయ్యా" అన్నాడాయన, కోపం కూడా మరిచిపోయి.

ఆమె ఇంకో షాట్ తెరిచింది, ఇంకోటి తెరిచింది. తీసిపారేసినవన్నీ బాగున్నవే. మెల్లగా మొగుడి వైపు తిరిగింది.

"ఇది నీకెట్టా కనపడతా ఉండాది?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ అబద్ధం ఎత్తుకునే ఓపిక ఇక లేకపోయింది.

"గంప తెలస్తా ఉండాది. మనిషి తెలవడంలా."

పెంచలనరసయ్య గొంతు తగ్గించి, తర్వాత వస్తానని వెళ్లిపోయాడు. అంతలో ముబీన్ ఫోన్. సుకుమారే తీసింది.

"పెద్దది ఒకటే పంపియ్యి ముబీన్. రెండొద్దు."

"ఏందొదినా, నీ సిస్టమ్‌కి వేరే కార్డు కావాలంటివే?"

"ఇంక ఇద్దరం ఒకదాని ముందే కూచుంటాం."

పట్టుబట్టి అడిగిందే దక్కింది. పుట్టి బుద్ధెరిగాక మాల్యాద్రికి అంత భయం ఎప్పుడూ వేయలేదు.

"రేపు కళ్లు చూపించుకునేదానికి నెల్లూరు పోదాం. ముందు ఇది కానిద్దాం" అంటూ ఆమె, మౌస్ పట్టుకున్న అతని చేతి మీద చెయ్యి వేసింది. అతను ముందు మౌస్ వదల్లేదు. తర్వాత వదిలేశాడు.