ఘాటు మీదికి నెట్టిన గురక

తొమ్మిదేళ్లుగా ఒక్క మాట మోస్తున్నాను. మాది మిర్చి రైతుల ఇల్లు, టిక్కీలు, అంటే మిరప బస్తాలు, మోసిన భుజాలు. దీని ముందు అవి నయం.

మా అమ్మాయికి అప్పుడు ఐదేళ్లు. నిద్రపోతే గురక. మధ్యలో ఊపిరి ఆగేది, ఉలిక్కిపడి మళ్లీ అందుకునేది. "మా ఇంట్లో చిన్న ట్రాక్టరుంది" అనేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్లు.

గుంటూరులో డాక్టరుకి చూపించాను. టాన్సిల్సూ, ముక్కు వెనక కండా పెరిగి నిద్రలో గాలి అందనివ్వడం లేదు, ఆపరేషన్ చేసి తీసేయాలి, ఆలస్యం చేస్తే ఎదుగుదల దెబ్బతింటుంది అన్నాడాయన. మత్తు ఇవ్వాలి కాబట్టి సంతకానికి కాగితం ఇచ్చాడు. బీఎస్సీ చదివినవాణ్ణి కదా, చివరిదాకా చదివాను, మత్తులో ప్రాణం మీదికి రావచ్చని ఉంది. అంత చదువు అక్కర్లేదు. ఇంట్లో అడిగొస్తానని పాపని ఎత్తుకుని వచ్చేశాను.

మా ఆవిడ కల్లంలో మూతికి గుడ్డ కట్టుకుని కాయలు తిరగేస్తోంది.

"ఏమన్నాడండీ?"

"మిరప ఘాటంట. పెద్దయితే అదే పోద్దంట."

"నేను ముందే చెప్పలా! కల్లం పక్కన పడుకోబెడితే పిల్లకి రాకేం చేస్తుంది?"

మా వైపు ఈ మాటకి తిరుగులేదు. ఎవరు దగ్గినా ఘాటే. రెండ్రోజులాగి నిజం చెబుదామనుకున్నానా? అనుకున్నానేమో. గుర్తులేదనడం సౌకర్యంగా ఉంది.

జబ్బు నేను చెప్పాను, మందు ఆవిడ కనిపెట్టింది. కాయ కోతలు మొదలవగానే పాపని వేటపాలెంలో అమ్మమ్మ దగ్గరికి పంపేది. మూడేళ్లు, ఏటా రెండు నెలలు. బస్సెక్కేటప్పుడు పాప ఏడ్చేది. నేను సంచి అందించేవాణ్ణి. అక్కడా గురక తగ్గలేదు. ఒంట్లో ఘాటు మిగిలిపోయిందన్నారు. బళ్లో కునికితే టీచరు నిలబెట్టేది. పక్క తడిపితే మా ఆవిడ కొట్టేది. ఆ దెబ్బలు నాకు వినపడేవి. లేచి వెళ్లి ఒక్క ముక్క చెబితే ఆగిపోయేవి. ఎందుకు లేవలేదు? మొదట మత్తుకి భయపడ్డాను, తర్వాత మా ఆవిడకి.

చివరికి వేటపాలెం అమ్మమ్మే ఒంగోలు తీసుకెళ్లి చూపించింది. అక్కడి డాక్టరూ ఆపరేషనే అన్నాడు. ఈసారి మా ఆవిడ సంతకం పెట్టింది. గురక పోయింది. పక్క తడపడమూ ఆగింది. చదువులో మాత్రం వెనకబడ్డది అలాగే ఉంది. అదీ నా పుణ్యమేనా? ఏ డాక్టరునీ అడగలేదు.

గుంటూరు డాక్టరుని మా ఆవిడ ఇప్పటికీ తిడుతుంది. ఎవరైనా పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తామంటే, ఆయనకేమీ తెలియదు, వద్దంటుంది. పక్కనే ఉండి నేను తల ఊపుతాను.

ఆయనకి తెలుసు. సరిగ్గానే చెప్పాడు. నాకే చెప్పాడు.

ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. మీకు చెప్పాను. క్షమించమనడం లేదు. ఇది రాస్తున్నంతసేపూ ఆ ట్రాక్టరు మాటలాంటిది చెప్పి ఎవరినీ నవ్వించాలనిపించలేదు. ఆ మేరకు విశ్రాంతి.