ముందు లంగరు

ఇవాళ పొద్దున గోదావరి ఒడ్డున ఎవరో పడవ మోటార్ విప్పుకుని కూర్చున్నారు. బురద వాసనలో కలిసి పెట్రోల్ వాసన ముక్కుకు తగిలింది. అత్తరు వాసనకు ఎవరెవరో గుర్తుకొస్తారంటారు. నాకు మాత్రం ఈ వాసనకు మా అత్త గుర్తుకొస్తుంది.

మా అత్త రాములమ్మ భద్రాచలానికి ఎగువన, అడవి అంచున ఉన్న చిన్న ఊళ్లో వల వేసి బతికిన మనిషి. మామ పోయాక పడవ అమ్మెయ్యమని ఊరంతా చెబితే, అమ్మకపోగా దానికి మోటార్ బిగించిన మొండిఘటం. నేనేమో జూలూరుపాడు పత్తి చేలల్లో పెరిగినవాణ్ణి. మోకాలి లోతు దాటిన నీళ్లలో దిగింది పెళ్లయ్యాకే. ఒడ్డు మీద ఆమె నాకిచ్చే అల్లుడి మర్యాదకు నాకే సిగ్గేసేది. నా ఎదుట కుర్చీలో కూర్చునేది కాదు, "మీరు" అని తప్ప పిలిచేది కాదు. పడవెక్కామా, ఆ మర్యాదంతా ఒడ్డునే ఉండిపోయేది. "ఏంది గట్ల నిలబడ్డవ్? పడవల అత్త లేదు, అల్లుడు లేడు. కూసో!" అని కసిరేది.

ఒకసారి వల తీసుకుని వస్తుంటే మోటార్ ఆగింది. నేను స్టార్టర్ తాడు అందుకోబోతే చేతి మీద ఒక్కటి వేసింది.

"ముందు లంగరెయ్. మోటార్ ఆగింది గని గోదారి ఆగలే."

లంగరుకు పట్టు దొరికాకే మోటార్‌ను పైకి లేపింది. రెక్కలకు చిరిగిన వల ముక్క చుట్టుకుని ఉంది. "తాడు తెగేదాక గుంజినా గిది ఊడుతదా?" అంటూ నా వంక చూసి నవ్వింది.

ఆ ఏడాది వరద తీస్తున్న రోజుల్లో నా భార్య సుజాతకు నొప్పులు మొదలయ్యాయి. వాగు పొంగి రోడ్డు తెగింది. భద్రాచలం దవాఖానాకు అత్త పడవే దిక్కు. సగం దూరం పోయామో లేదో మోటార్ దగ్గి దగ్గి ఆగిపోయింది. ప్రవాహం పడవను దిగువనున్న బండల వైపు లాగుతోంది. నేను గట్టిగా అరిచాను.

"అత్తా, జల్దీ తాడు గుంజు!"

"లంగరు," అంది. అంతే.

వేశాను. ఆమె పెట్రోల్ పైపు తడిమి చూసి, కార్బురేటర్ అడుగున ఉన్న మర వదులు చేసి, కారిన పెట్రోల్‌ను అరచేతిలో పట్టింది. అందులో నీటి బొట్లు విడివిడిగా మెరిశాయి. "వాన నీళ్లు దిగినయ్," అంది.

"అమ్మా, నాతోని అయితలేదే!" అని సుజాత కేక పెట్టింది.

"అయితది బిడ్డా, జర ఓర్సుకో," అంటూనే అత్త తల తిప్పకుండా పైపును వేరే డబ్బాలోకి మార్చింది. శుభ్రమైన పెట్రోల్ కారేదాకా ఆగి, మర బిగించి, తాడు లాగింది. రెండో లాగుకు మోటార్ అందుకుంది.

దవాఖానాలో పాప ఏడుపు వినిపించాక అత్తకు టీ తెచ్చిచ్చాను. ఆమె గ్లాసు పట్టుకోలేకపోయింది. చేతులు గజగజ వణుకుతున్నాయి, టీ చీర మీద ఒలికిపోయింది.

"ఏమైందత్తా?" అని కంగారుపడ్డాను.

"ఏం గాలే బిడ్డా. గింతసేపు ఆపుకున్న గద," అంది.

అప్పటిదాకా ఆమెకు భయమంటే తెలియదనుకునేవాణ్ణి. తెలిసీ పడవలో దాన్ని పక్కన కూర్చోబెట్టిందని అర్థమయ్యాక, ఆమె కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

ఇప్పుడు ఆమె లేదు. ఆ పడవ నేనే నడుపుతున్నాను. నడి గోదావరిలో మోటార్ ఆగితే నాకూ గుండె దడదడలాడుతుంది. లంగరు వేస్తాను, మర విప్పి చూస్తాను. వణికేది ఒడ్డుకు చేరాకే.