గడి మీదికి మా దండయాత్ర

ఆ రోజుల్లో మా దేవరకొండ వైపు జరిగిన ఒక మహావీరగాథ చెబుతాను. ఇందులో గుర్రం ఉంది, తుపాకి ఉంది, పారిపోయిన దొర ఉన్నాడు, పెళ్లి పందెం ఉంది. (మొదలుపెట్టాక నిజం ఒప్పుకోవాలనిపిస్తోంది. తుపాకి లేదు. గుర్రం ముసలిది. దొర పారిపోయిన మాట నిజమే గానీ మమ్మల్ని చూసి కాదు. పోలీసు యాక్షన్ మొదలైంది, యూనియన్ సైన్యం వస్తోందని విని పట్నం పోయాడు.)

వీరుడు మా మేనత్త కొడుకు. ఊళ్లో అందరూ కోతల బావ అనేవారు. దొరల మీద తిరగబడిన సంఘంలో చేరి అడవుల్లో పోరాడుతున్నానని చెప్పిన ఆరు నెలలూ ఆయన పక్క ఊరి కల్లు దుకాణంలోనే ఉన్నాడు. అలాంటివాడు మా అక్కనే చేసుకుంటానని పట్టుబట్టాడు. అక్కకు కోతలు పడవు. మా ఊళ్లో దొర ఉండే కోటలాంటి ఇల్లు, గడి, ముందు నుంచి ఎవరు పోయినా చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి, బండి మీదున్నవాడు దిగి నడవాలి, తల వంచాలి. అందుకే అక్క ఒక్కటే మాట అంది: "చెప్పులేసుకోని, గుర్రమెక్కి గడి ముంగటికెల్లి పో. పోతె నిన్నే చేసుకుంట. లేకుంటె గీ వాకిట్ల మల్ల కనపడకు."

దొర తోటలో వదిలేసిపోయిన గుర్రాన్ని మర్నాడే పట్టాం. (పట్టాం అంటే, బావ బెల్లం చూపించాడు, అది వచ్చింది.) గుర్రం మీద ముందు బావ, వెనక నేను. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. మా వెనక నాయిన చెప్పులు తొడుక్కుని అక్క టపటపా నడుస్తోంది.

"నువ్వెందుకక్కా?" అన్నాను.

"మీరిద్దరేనా మొనగాండ్లు? నేను గూడ నడుస్త," అంది.

ఊరంతా దారికి రెండు వైపులా చేరింది. "ఫికర్ చెయ్యకురా బామ్మర్దీ, దొర లేడు, దొర బాపు లేడు!" అని బావ అరిచాడు. అంతలో గడి తలుపులు వచ్చాయి.

ఆ తర్వాత జరిగింది ఎవరమూ అనుకుని చేసింది కాదు. నేను దిగాను. బావ దిగాడు. చెప్పులు చేతికి వచ్చాయి, మెడలు వంగాయి, మనిషి లేని ఇంటికి దండం పెట్టాం. గుర్రం మాత్రం తలెత్తుకుని నేరుగా లోపలికి, తన కొట్టంలోకి పోయింది. గడి కావలి తాత బయటికొచ్చి, "గుర్రాన్ని తోలుకచ్చిన్రా బిడ్డా? పొద్దుగాలకెల్లి లెంకుతున్న. సల్లగుండున్రి," అని దీవించి తలుపేసుకున్నాడు.

బావ మొహం మాడిపోయింది. ఇక పెళ్లి లేదనుకుంటూ మెల్లగా అక్క వైపు తిరిగాడు. అక్క తిట్టడానికి నోరు తెరిచి ఆగిపోయింది. నాయిన చెప్పులు ఆమె చంకలో ఉన్నాయి. ఎప్పుడు విప్పిందో ఆమెకే తెలియదు.

"నవ్వినవో సూడు," అంది ముందుగానే.

బావ నవ్వలేదు. నాకు తెలిసి మొదటిసారి నిజం చెప్పాడు: "నాకు కాళ్లు వణికినయే."

అక్క చెప్పులు కింద పడేసి తొడుక్కుంది. "ఎనుకకు పోయి మల్ల వద్దాం పా. గీసారి నేను ముంగట నడుస్త."

నడిచాం. రెండోసారీ మెడలు వంగాయి. మూడోసారికి నిలబడ్డాయి. గడి దాటిన చోటే అక్క పెళ్లికి ఒప్పుకుంది.

ఇప్పటికీ ఆ దారిన పోతుంటే నా చెయ్యి చెప్పుల దాకా పోయి, సిగ్గుపడి తిరిగొస్తుంది. ఆ పద్దెనిమిదేళ్లవాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. గడిలో ఇప్పుడు ఎరువుల దుకాణం ఉంది. ఆదివారం తెరవరు.