నేను చూడని దీవిలో మంచినీళ్ళ బావి

దయ్యం కథలు చెప్పే పనిమనుషులను మా నాయనమ్మ ఆ రోజే పంపించేసేది. నేనూ ఆ ఇంటివాణ్ణే. భయంతో గాని భక్తితో గాని ఏదీ ఊరికే నమ్మలేదు. ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా దయ్యం అనడం లేదు. ఏమనాలో తెలియకనే రాస్తున్నాను.

అరవైల మొదట్లో మాట. జాగీర్లు పోయి పదేళ్ళు దాటింది. మా దేవిడీ, తాతలనాటి ఆ పెద్ద భవంతి, చేతులు మారింది. నాంపల్లి స్టేషను వెనక రెండు గదుల్లో కిరాయికి ఉంటూ, రోజూ ఉదయం మా నాన్నగారి షేర్వానీ తొడుక్కుని ఆబిడ్స్‌కు నడిచి వెళ్ళేవాణ్ణి. అక్కడ ఒక మేడ మీద ప్రయాణాల ఏజెన్సీలో గుమాస్తా పని. యజమాని చలపతిరావుగారిది కాకినాడ వైపు. రాష్ట్రం ఏర్పడిన ఏడాది ఇక్కడికి వచ్చారు.

దూరపు ఊళ్ళకు వెళ్ళేవాళ్ళకు ఏం కావాలో కాగితం మీద టైపు చేసి ఇవ్వడం నా బాధ్యత. బంగాళాఖాతంలో ఒక చిన్న దీవి గురించి కూడా అలాంటి కాగితం ఉండేది. మద్రాసు నుంచి నెలకు రెండు ఓడలు. పర్మిట్ ముందుగా తీసుకోవాలి. పగడపు రాళ్ళు కాళ్ళు కోస్తాయి కనుక కాన్వాసు బూట్లు తప్పనిసరి. దోమతెర, టార్చిలైటు, జ్వరం మాత్రలు, పదిరోజులకు సరిపడా బియ్యం. ఇదంతా ఓడ కంపెనీవాళ్ళు పంపిన పుస్తకం చూసి రాసింది. నేను సముద్రం చూడలేదు. నేను చూసిన పెద్ద నీళ్ళు హుస్సేన్‌సాగరే.

'తెలియదు' అన్న మాట పరాయివాళ్ళ ముందు అనకూడదని మా నాన్నగారు నేర్పారు. అబద్ధం అంతకంటే అనకూడదు. అందుకని ఎవరైనా తెలియనిది అడిగితే, "కనుక్కుని రేపు చెబుతాను" అనేవాణ్ణి. ఆ మాటతో నాలుగేళ్ళు గడిచాయి.

ఒకరోజు పదకొండింటికి చాదర్‌ఘాట్ నుంచి రాజయ్యగారని ఒక బడి పంతులు, ఆయన భార్య ఈశ్వరమ్మ వచ్చారు. ఆమె తమ్ముడు ఆ దీవి లైట్‌హౌసులో పనిచేస్తూ ఐదేళ్ళ కిందట అక్కడే పోయాడట. ఆ చోటు ఒక్కసారి చూడాలని ఆమె పట్టు. మూత్రపిండాల జబ్బు. కాళ్ళు ఉబ్బి ఉన్నాయి. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు.

"సార్, కాగితంల అన్నీ రాసిన్రు, నీళ్ళ సంగతే లేదు" అన్నారు రాజయ్యగారు. "గాడ తాగే నీళ్ళు ఎట్లుంటయ్? ఈమెకు ఉప్పు తగలనియ్యొద్దని దవాఖానల గట్టిగ చెప్పిన్రు. ఉప్పు నీళ్ళయితే ఈడనే ఆగిపోతం. రేపే బండి."

నేను అనవలసిన మాట నాలుక మీదే ఉంది. వచ్చింది వేరే.

"ఒడ్డున బావులు ముట్టుకోకండి. లైట్‌హౌసు వెనక, రాతిగట్టు ఉన్న చిన్న బావి ఒకటుంది. దాన్ని కూడా సముద్రం ఆటులో ఉన్నప్పుడే తోడుకోవాలి. పోటు వస్తే ఉప్పెక్కుతుంది. పక్కన నేలకు వంగిన కొబ్బరిచెట్టు ఉంటుంది. ఆమెను దాని మీద కూర్చోబెట్టి మీరు తోడండి."

ఈశ్వరమ్మ తల ఎత్తి నా ముఖంలోకి చూసింది. ఆయన దండం పెట్టి, భార్య చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయారు.

ఆ పూట నాకు జ్వరం లేదు. పొద్దున రెండు రొట్టెలు, పెరుగు తిని వచ్చాను. ఆటు, పోటు అన్న మాటలు అంతకుముందు నా నోట ఎన్నడూ రాలేదు.

వెనకనుంచి చలపతిరావుగారు వచ్చారు. "ఏవండీ దొరగారూ, ఆ బావి ఎవరు తవ్వించారు? మీ తాతగారా?"

పుస్తకమంతా వెతికాం. ఫైళ్ళు దింపాం. బావి లేదు. చెట్టు లేదు.

ఆయన నవ్వు మానేశారు. "ఉన్న పళాన వాళ్ళింటికెళ్ళి, నోరు జారింది, నమ్మకండని చెప్పి రండి. ఆవిడకేమన్నా అయితే మీ పరువేం చేసుకుంటామండీ?"

వెళ్ళాల్సింది. చాదర్‌ఘాట్ ఎంత దూరం? కాని ఒక బడి పంతులు గుమ్మంలో నిలబడి, నేను చెప్పింది తప్పని నా నోటితో ఒప్పుకోవడం నా వల్ల కాలేదు. మర్నాడు పొద్దున వెళ్ళాను. తలుపుకు తాళం ఉంది. తొలి బండికే వెళ్ళారని పక్కింటివాళ్ళు చెప్పారు.

మద్రాసు ఓడ ఆఫీసుకు తంతి ఇచ్చాను. జవాబు రాలేదు. ఆ నెలన్నర నేను సరిగా అన్నం తినలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడైతే రాజయ్యగారు ఒక్కరే వస్తున్నారేమోనని టైపు ఆపి గుమ్మం వైపు చూసేవాణ్ణి.

ఇద్దరూ వచ్చారు. ఈశ్వరమ్మ మెట్లెక్కి మరీ వచ్చింది.

"మీరు గాడికి ఎప్పుడు పోయిన్రు సార్?" అన్నారు రాజయ్యగారు కూర్చుంటూనే. "బావి అచ్చం మీరు చెప్పినట్లనే ఉన్నది. ఊరోళ్ళు ఒడ్డు బావుల నీళ్ళే తాగుతరు, అవి ఉప్పు కషాయం. గీ బావిని మా బామ్మర్ది పోయినంక ఎవ్వరు తోడతలేరంట. గట్టు కట్టింది గూడ ఆయననే."

"మరి చెట్టు?" అన్నాను.

"చెట్టు లేదు. మొద్దే ఉన్నది. ఆయన పోయిన ఏడే గాలివానకు పడ్డదంట."

ఈశ్వరమ్మ అప్పుడు నోరు విప్పింది. "దినాం పొద్దుగాల మా తమ్ముడు గా చెట్టు మీదనే కూసుంటుండెనట. గాడి ముసలాయన చెప్పిండు. అన్నా, నిజం చెప్పున్రి. మా తమ్మున్ని మీరు ఎరుగుదురా?"

లేదన్నాను. ఆమె నమ్మలేదు. సంచీలోంచి ఒక మందుసీసా తీసి బల్ల మీద పెట్టింది. నిండా నీళ్ళు. "గా బావి నీళ్ళే. మీకే తెచ్చిన. తాగున్రి."

తాగాను. కొబ్బరిపీచు నానిన వాసన, చివర్న కొంచెం ఇనుప రుచి. ఆ రుచి నాకు కొత్త కాదు. ఎక్కడ తాగానో మాత్రం ఎంత వెతికినా గుర్తుకు రాలేదు.

ఈశ్వరమ్మ ఆ తర్వాత ఆరేళ్ళు బతికింది. చలపతిరావుగారు బావి సంగతి కాగితంలో చేర్పించారు. "ఇంకేమన్నా తోస్తే అదీ టైపు చేసెయ్యండి దొరగారూ" అన్నారు. ఏమీ తోచలేదు.

కొన్నాళ్ళకు హిమాయత్‌నగర్ నుంచి ఒక డాక్టరుగారు అదే దీవి గురించి వచ్చి, రాత్రి బసకు ఏ చోటు మంచిదని అడిగారు. వెనక కుర్చీలో చలపతిరావుగారు చెవి ఒగ్గారు.

"నాకు తెలియదండీ" అన్నాను, జీవితంలో మొదటిసారి. "నేనక్కడికి ఎప్పుడూ వెళ్ళలేదు."

మొదటి మాట అనడం అనుకున్నంత కష్టం కాలేదు. రెండోదే కష్టమైంది. అబద్ధం ఆడకుండా బతికానని నేను చెప్పుకోగలను. ఆ రెండో మాట నిజమో కాదో మాత్రం నాకు ఈనాటికీ తెలియదు.