పచ్చి కాంక్రీటు మీద జీడిపిక్కలు

మా అక్క మొగుడిని నేను ఇంకా క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు.

మా ఉద్దానం ఇసకలో బండి చక్రం దిగబడిపోతుంది. అమ్మకు వారానికి మూడు రోజులు పలాసలో డయాలసిస్. తీసుకెళ్ళే కారు గేటు బయటే ఆగిపోయేది. అమ్మ ఆ ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ నడిచేది. అందుకే గేటు నుంచి మెట్ల దాకా కాంక్రీటు దారి పోయించాలనుకున్నాను.

"ఇంటి దారికి ఎం ఇరవై కాంక్రీటు సాల్దేటి? ఇరవై అయిదెందుకు, ఇమానం దిగుద్దా?" అన్నాడు బావ. పక్క వీధిలోనే ఉంటాడు, అడక్కపోయినా సలహా ఇస్తాడు. అంకె పెరిగితే బలం పెరుగుతుందని, కారు రోజు విడిచి రోజు అక్కడే తిరగాలని వాదించి గెలిచాను. మాలులో నీళ్ళు ఎక్కువ పోయనివ్వకుండా మేస్త్రీ పక్కనే నిలబడ్డాను. పైన తడి గోనెలు కప్పించి, బాగా గట్టిపడేదాకా పది రోజులు ఆరనివ్వకుండా నీళ్ళు పట్టమని బావకు చెప్పి, టెక్కలిలో ఉద్యోగానికి వెళ్ళిపోయాను. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది.

ఆదివారం వచ్చేసరికి గోనెలు గోడవారన ఎండిపోయి పడున్నాయి. దారి నిండా బావ ఎండబోసిన తన తోట జీడిపిక్కలు. పిక్కల కాలంలో చదునైన నేల కనిపిస్తే మావాళ్ళకు చెయ్యి ఆగదు. తారు రోడ్డునే వదలరు, మా దారి ఒక లెక్కా.

"ఏటి బావా, ఏటి సేసినావు?" అన్నాను.

"రెండో రోజుకే రాయైపోనాది. ఇంకా నీళ్ళు పోత్తే నా పిక్కలు తడిసిపోవా?" అని నన్నే కసిరాడు.

పైగా బస్తాలెత్తడానికి ట్రాక్టరును కూడా దాని మీదికే ఎక్కించాడు. గేటు దగ్గర అంచు విరిగింది, నడుమ పగులు తీసింది. చీపురు తగిలితే చాలు, పొడి రాలుతుంది. ఎం ఇరవై ఐదూ కాదు, ఎం సున్నా. కారు డ్రైవరు ఒకసారి ఆ విరిగిన అంచులో చక్రం ఇరికించుకుని, ఇక లోపలికి రానన్నాడు.

అమ్మ మళ్ళీ గేటు దాకా నడుస్తోంది. మొన్న నేనూ వెంట ఉండగా, పగులు దగ్గర ఆయాసంతో ఆగిపోతే, ఎదురొచ్చిన బావ చెయ్యి అందించాడు. పట్టుకుంటూ అమ్మ అడిగింది.

"పిక్కలు బాగా ఎండినాయా బాబూ?"

ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. బావ తల దించుకున్నాడు. నేను సాయం పట్టలేదు. కారు దాకా ఆయన్నే నడిపించమన్నాను. అమ్మ ఎన్నిసార్లు ఆగుతుందో ఆయన చేతికి తెలియాలి.